నూట ఇరవై ఎడమ చేతులు

అత్తగారు పెట్టె మీద కూర్చుని అరగంట దాటింది.

అది చిన్నకోడలి పెట్టె. నీలం రంగు రేకుపెట్టె. గుమ్మం బయట వ్యాను నిలబడి ఉంది. పరుపు ఎక్కింది, కుర్చీలు ఎక్కాయి, గిన్నెల సంచులు ఎక్కాయి. ఈ పెట్టె ఒక్కటే ఎక్కలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని దాని మీద బైఠాయిస్తే ఎలా ఎక్కుతుంది? వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారి కొట్టడానికి మొహమాటపడి, వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, లే," అన్నాడు చిన్నకొడుకు పదోసారి. అతను బస్సు కండక్టరు. రోజూ వందమందిని సర్దుకోండి, జరగండి అని జరిపించే మనిషికి కన్నతల్లిని అంగుళం జరపడం చేతకావడం లేదు.

"లేస్తాను. నీ పెళ్ళాన్ని వంటింట్లోకి వెళ్ళి వాళ్ళక్కకి ఒక్క మాట చెప్పి రమ్మను. అప్పుడు లేస్తాను."

ఆ ఒక్క మాట ఏమిటో అందరికీ తెలుసు. పొరపాటైంది, మనసులో పెట్టుకోకు అక్కా అని. పదకొండు రోజులుగా అత్తగారు ఆ మాట కోసం చిన్నకోడల్ని బతిమాలింది, కసిరింది, ఒక పూట అన్నం మానేసి కూడా చూసింది. చిన్నకోడలు నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని అందరూ పొగరనుకున్నారు. ఇప్పుడు వేరే కాపురం పెడుతున్నారు. కారణం అడిగితే మొగుడి డిపోకు దగ్గరని చెబుతోంది.

వంటింట్లో పెద్దకోడలు కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

యూనిఫారాలు కుట్టే పెద్ద షాపులో ఆమెది కటింగ్ పని. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పెద్దకత్తెర. పందొమ్మిదేళ్ళలో ఒక్క ముక్క వంకరగా కోసి ఎరగదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె గీసిన సుద్దగీత చూపించి, గీత అంటే ఇలా ఉండాలి అని చెబుతారు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ పూట వంట ఎవరిదని ఎవరూ అడగరు. పెద్దకోడలిది కాదని అందరికీ తెలుసు.

అలాంటి మనిషి చేతిలో పదకొండు రోజుల కిందట అరవై డాక్టరు కోట్లు పాడయ్యాయి.

పని ఏమంత చిక్కుది కాదు. బట్టను బల్ల మీద పొరలు పొరలుగా పరిచి, పైన నమూనా పెట్టి, అన్ని పొరలనూ మిషన్‌తో ఒకేసారి కోస్తారు. ఈసారి వచ్చిన తెల్లబట్టకు ఒక వైపు మెరుపు, రెండో వైపు వెలిసినట్టు ఉంది. పొరలు ఎదురెదురుగా, మెరుపుకు మెరుపు తగిలేలా పరిస్తే ఒక్క నమూనాతోనే కోట్ల కుడి చేతులూ ఎడమ చేతులూ సరిసమానంగా వస్తాయి. షాపులో అలవాటు అదే. ఆ రోజు తొందరలో, అన్ని పొరలూ మెరుపు పైకే పరిచెయ్యమనీ, కుడికొక నమూనా, ఎడమకొక నమూనా తానే పెట్టుకుంటాననీ పెద్దకోడలు చెప్పింది. చిన్నకోడలు చెప్పినట్టే పరిచింది. బల్ల దగ్గర పొరలు పరవడం ఆమె పని. ఆ పనిలో పెట్టించింది కూడా పెద్దకోడలే.

తీరా మిషన్ పట్టేసరికి పందొమ్మిదేళ్ళ అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. ఎప్పటిలా ఒక్క నమూనానే రెండుసార్లు పెట్టి కోసుకుపోయింది. కుడి నమూనా గోడకు వేలాడుతూనే ఉండిపోయింది. నూట ఇరవై చేతులు. అన్నీ ఎడమవే.

తిరగేసి కుడి వైపుకు కుట్టవచ్చు. కానీ ఒక చెయ్యి మెరుస్తూ, ఒక చెయ్యి వెలిసిపోయి ఉన్న కోటు ఏ డాక్టరు వేసుకుంటాడు? అదే బట్ట మళ్ళీ దొరకలేదు. ఆర్డరు పోయింది. ఇది ఎవరి పని అని షాపు మేడమ్ అడిగినప్పుడు, పెద్దకోడలి నోట్లోంచి ఆ మాట జారిపోయింది.

"నేను ఎదురెదురుగానే పరవమన్నాను మేడమ్."

చిన్నకోడలు ఆమె వైపు ఒక్కసారి చూసింది. అంతే. పెద్దకత్తెర మాటకూ, మూడేళ్ళ కిందట చేరిన పిల్ల మాటకూ పోటీ ఏముంది? సాయంత్రానికి ఆ పిల్ల పని పోయింది.

హాల్లో పెద్దకొడుకు రాయబారం నడుపుతున్నాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మధ్యలో ఇరుక్కున్నవాళ్ళకు కంగారు పడకండి, వస్తున్నాం అని చెప్పడం వృత్తిలో భాగం. ఇంట్లో ఎవరు ఇరుక్కున్నా అదే గొంతుతో అదే మాట చెబుతాడు. తల్లికీ చెప్పాడు, తమ్ముడికీ చెప్పాడు. ఎవరూ కంగారు తగ్గించుకోలేదు.

పెద్దకోడలు చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

చిన్నకోడలు గుమ్మం పక్కన నిలబడి ఉంది. చెప్పులు వేసుకుంది. భుజానికి చేతిసంచి. చూపు నేల మీద.

ఆ నిలబడడం చూసి పెద్దకోడలి కాళ్ళు ఆగిపోయాయి. సరిగ్గా అలాగే తను నిలబడింది, తొమ్మిదేళ్ళప్పుడు, పిన్ని ఇంటి గుమ్మంలో. తల్లీతండ్రీ లేని పిల్ల. ఇస్త్రీ చేస్తూ పిన్ని కూతురి గౌను కాల్చింది. మర్నాడు పొద్దున్నే చేతికి సంచి ఇచ్చి మేనత్త ఇంటికి పంపేశారు. ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంచుకున్నా బాగుండేదని చాలా ఏళ్ళు అనుకుంది. మేనత్త ఇంట్లో అడుగు పెడుతూనే ఒట్టు పెట్టుకుంది, ఇక తప్పు చెయ్యకూడదని. తప్పు చెయ్యని మనిషిని ఎవరూ పంపరు. ఆ ఒట్టు మీదే పెరిగింది, పెళ్ళయింది, పెద్దకత్తెర అయింది.

ఇప్పుడు తనే ఇంకో ఆడపిల్ల చేతికి సంచి ఇచ్చి పంపుతోంది.

"అత్తయ్యా," అంది. అత్తగారు తల తిప్పలేదు. మళ్ళీ అంది. "అత్తయ్యా, తనని ఏమీ అనకండి. ఆ తప్పు తనది కాదు."

చిన్నకోడలు తల ఎత్తింది. తరవాతి మాట పెద్దకోడలి నాలుక మీదికి వచ్చింది. నాది అన్న రెండక్షరాలు. ఆ లోపే అత్తగారి కళ్ళు చెమర్చాయి.

"విన్నావురా?" అంది చిన్నకొడుకుతో. "అంత నష్టం జరిగినా తప్పు తనది కాదంటోంది. మనసంటే అదీ!" అంటూ మోకాళ్ళు పట్టుకుని, తనంతట తానే పెట్టె మీంచి లేచింది.

పెద్దకొడుకు భార్య వైపు గర్వంగా చూశాడు. చిన్నకొడుకు, వదినా నీ రుణం ఉంచుకోను అని ఏదో గొణిగి, పెట్టె భుజానికెత్తాడు. రెండక్షరాలు పెద్దకోడలి గొంతులోనే ఉండిపోయాయి.

చిన్నకోడలు నవ్వింది. చిన్న నవ్వు, పెదాల చివర. "వెళ్ళొస్తానక్కా," అంది. పదకొండు రోజుల్లో ఆమెతో అన్న మొదటి మాట అదే.

వ్యాను మలుపు తిరిగేదాకా పెద్దకోడలు మెట్ల మీదే నిలబడింది. అబద్ధం చెప్పిన రోజు కంటే, సగం నిజం చెప్పి మెచ్చుకోలు మూటగట్టుకున్న ఈ పూటే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

ఆ వారమంతా ఆమెను తొలుస్తున్న విషయం ఇంకొకటి ఉంది. షాపు వెనక సందులో ఒక ప్రార్థన మందిరం ఉంది. రెండు నెలల కిందట వాళ్ళు బాప్తిస్మానికి తెల్లగౌన్లు కావాలని అడిగితే, కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది. ఆదివారం అందరూ ఒకేచోట దొరుకుతారు కదా అని వెళ్ళి, ప్రసంగం అయ్యేదాకా వెనక బల్ల మీద టేపు మెడలో వేసుకుని కూర్చుంది. మరుసటి ఆదివారం కొలతలేమీ మిగల్లేదు. అయినా వెళ్ళింది. మెడలో టేపు మాత్రం వేసుకుంది, ఎవరైనా ఎందుకొచ్చావంటే చూపించడానికి.

అక్కడ వాళ్ళు యేసు గురించి మాట్లాడే తీరు ఆమెకు కొత్తగా ఉండేది. పక్కవీధిలో ఉన్న మనిషి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. ఎవరో ఒకాయన లేచి, నేను తాగి ఇల్లు పాడుచేసుకున్నాను, ఆయన నన్ను వదల్లేదు అన్నాడు. ఆ మనిషిని ఎవరూ వింతగా చూడలేదు. పక్కాయన జరిగి చోటిచ్చాడు. పెద్దకోడలికి ఆ జరిగి చోటివ్వడమే వారం రోజులు గుర్తుండిపోయింది.

నెల తిరిగేసరికి పద్నాలుగు పేర్ల జాబితాలో పదిహేనో పేరు ఆమెది. పద్నాలుగు గౌన్లు కుట్టి ఇచ్చింది. పదిహేనోదానికి ఇంకా బట్ట కూడా తీసుకోలేదు. ఆ లోపే నూట ఇరవై చేతుల గొడవ వచ్చిపడింది.

మొన్న గురువారం వెళ్ళి, తన పేరు కొట్టేయమని పాస్టరుగారిని అడిగింది. ఆయన భారీ మనిషి, చెమట తుడుచుకోవడానికి ఎప్పుడూ చేతిలో తువ్వాలు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోకుండానే చెప్పింది, పిన్ని ఇంటి గౌను దగ్గర మొదలుపెట్టి కోట్ల దాకా. ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

"నేను మంచిదాన్ని కాదండి," అని ముగించింది.

"మంచివాళ్ళకైతే నీళ్ళెందుకమ్మా?" అన్నాడు ఆయన.

ఆమె అప్పుడు కూర్చుంది. ఆయన మెల్లగా అన్నాడు. "మీరు బంధువుల ఇళ్ళలో పెరిగారు. అక్కడ తప్పు చేస్తే పంపేస్తారు. ఇది తండ్రి ఇల్లు. ఇక్కడ కప్పు పగిలితే ముక్కలు ఏరతారు గానీ పిల్లని గెంటరు. క్రీస్తు మన తప్పు తెలియక మనల్ని రమ్మనలేదమ్మా. తెలిసే రమ్మన్నాడు. అయితే పగిలింది నేనే అని మీరు చెప్పాలి. చెప్పకపోతే ముక్కలు ఎవరికో ఒకరికి గుచ్చుకుంటూనే ఉంటాయి."

పేరు కొట్టేయలేదు. పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టాడు. ఆ గీత ఎప్పుడైనా చెరిపేయడానికి రబ్బరు తన దగ్గర ఉందని చెప్పాడు.

వ్యాను వెళ్ళిపోయాక ఆమె లోపలికి వెళ్ళలేదు. అత్తగారు టిఫిను తినమని పిలుస్తున్నా వినిపించుకోకుండా, కట్టుకున్న చీరతోనే షాపుకు బయల్దేరింది. దారిలో ప్రార్థించింది. ఇన్నాళ్ళూ ఆమె ప్రార్థన ఒకటే, ఈ సంగతి బయటపడకుండా చూడు ప్రభువా అని. ఆ మాట ఇవాళ నోటికి రాలేదు. నేను చెబుతాను, చెప్పేటప్పుడు నా పక్కన ఉండు, అంది. రోడ్డు దాటేటప్పుడు పెద్దవాళ్ళ చెయ్యి అడిగే పిల్లలా అడిగింది.

షాపులో ఇరవై రెండు మిషన్లు నడుస్తున్నాయి. మేడమ్ దారానికి కట్టిన కళ్ళజోడు పైకి కిందికి అంటూ రంగు దారాల పెట్టెలు చూస్తోంది. మూలన పాడైన కోట్ల ముక్కలు గోనెసంచుల్లో కుక్కి ఉన్నాయి.

పెద్దకోడలు నేరుగా కోత బల్ల దగ్గరికి వెళ్ళి, మిషన్లు ఒక్క నిమిషం ఆపమంది. పెద్దకత్తెర మాటకు అక్కడ ఎదురు లేదు. ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంత నిశ్శబ్దం ఆ గదిలో ఎవరూ విని ఉండరు. ఫ్యాన్ల చప్పుడు కూడా పెద్దగా వినిపించింది.

"ఆ కోట్లు పాడుచేసింది మా చెల్లెలు కాదు. నేను," అంది. బల్ల అంచు పట్టుకుంది. "మెరుపు పైకే పరవమని చెప్పింది నేను. రెండో నమూనా పెట్టడం మరిచిపోయింది నేను. తర్వాత అబద్ధం చెప్పిందీ నేనే. తను ఒక్క పొర కూడా తప్పు పరవలేదు."

బొత్తాలు కుట్టే ముసలావిడ నోటి దగ్గర పెట్టుకున్న దారం అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మేడమ్ కళ్ళజోడు తీసింది. "ఆ రోజు అడిగాను కదా. అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"పంపేస్తారని."

"పంపేదాన్ని కాదు. తిట్టేదాన్ని. గట్టిగా తిట్టి, మర్నాడు మళ్ళీ బల్ల దగ్గర నిలబెట్టేదాన్ని." మేడమ్ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. "చేతులు తప్పు కోశావని నాకు కోపం లేదు. మనిషిని కోశావు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. పెద్దకోడలు దాన్ని తప్పించుకోలేదు. నడుముకు వేలాడే కత్తెర, చేరిన ఏడాది ఆ షాపే ఇచ్చిన కత్తెర, విప్పి బల్ల మీద పెట్టింది.

మేడమ్ దాన్ని తీసి దారాల పెట్టె పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది, సోమవారం నుంచి బొత్తాల దగ్గర కూర్చోమని. కోత బల్ల ఎక్కడం ఎప్పుడో, అసలు ఉంటుందో ఉండదో ఇప్పుడే చెప్పలేనంది. చిన్నకోడలికి తానే స్వయంగా కబురు పంపుతానంది.

అంటే పెద్దకత్తెర అనే పేరు అక్కడితో అయిపోయింది. పందొమ్మిదేళ్ళు ఒక్కో ముక్క కోసి కూడబెట్టిన పేరు. పోయిన తర్వాత ఏమవుతుందో అని ఆమె ఇన్నేళ్ళు భయపడింది. ఇప్పుడు పోయింది. తను మాత్రం అక్కడే నిలబడి ఉంది. ఊపిరి ఆడుతోంది. అంతకంటే విచిత్రం, ఊపిరి హాయిగా ఆడుతోంది.

బొత్తాల ముసలావిడ తన బల్ల మీద కొంచెం జరిగి, పక్కన చోటు చేసింది. పెద్దకోడలికి అప్పుడు వచ్చింది ఏడుపు. జరిగి ఇచ్చే చోటు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది కాబోలు. ఇరవై రెండు మంది ముందు, దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది. సిగ్గేమీ అనిపించలేదు.

వెళ్ళేముందు మేడమ్‌ను ఒకటే అడిగింది, ఆ గోనెసంచుల్లోంచి ఒక్క కోటు ముక్కలు కావాలని. మేడమ్ విసుక్కుని, కావాలంటే అరవైయ్యీ పట్టుకుపొమ్మంది. ఆమె ఒక్క కోటుకు సరిపడా, రెండు చేతులతో సహా, ఏరుకుని మడిచి చంకలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి చెప్పడం షాపులో చెప్పినంత తేలిక కాలేదు. షాపులో ఇరవై రెండు మంది ఉన్నారు, ఇంట్లో ఇద్దరే. అత్తగారు మొదట నమ్మలేదు. చెల్లెల్ని కాపాడడానికి ఇంకో మెట్టు ఎక్కుతోంది అనుకుంది. నమూనా గోడకు వేలాడిన సంగతి దగ్గరనుంచి వివరంగా చెప్పాక, ఆవిడ ముఖంలోంచి మెచ్చుకోలు మెల్లగా దిగిపోవడం పెద్దకోడలు కళ్ళారా చూసింది. అది చూడగలగడం కూడా ఒక ధైర్యమే.

"అయితే ఆ పిల్లని పదకొండు రోజులు నేను..." అంది అత్తగారు. వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యకుండానే లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడకు దేవుడంటే భయం ఉంది గానీ, ఆయనతో పెద్దగా మాటల్లేవు. ఆ మధ్యాహ్నం మాత్రం గోడతో ఏదో మాట్లాడుతూనే ఉంది.

భర్త కుర్చీలో కూర్చున్నాడు. "షాపులో అందరి ముందూ చెప్పావా?" అన్నాడు.

"చెప్పానండి."

"ముందు నాతో అనొచ్చుగా."

"మీతో అంటే మీరు సర్దేసేవారు."

కంగారు పడకండి, వస్తున్నాం అనే గొంతు ఆ పూట ఇంట్లో వినిపించలేదు. రేపు బాప్తిస్మం తీసుకుంటున్నానని, అక్కడ కూడా చెబుతానని ఆమె అంది. అతను చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుంది. కోటు ముందు భాగం మూసేసి, జేబులు తీసేసి, పొడుగు పెంచింది. ఎడమ చెయ్యి మామూలుగా కుట్టింది. రెండో ఎడమ చెయ్యిని తిరగేసి కుడి భుజానికి కుట్టింది. లోపలి వైపు పైకి వచ్చింది. సరిగ్గా అమరింది. ఒక చెయ్యి మెరుస్తోంది, ఒక చెయ్యి వెలిసిపోయినట్టుంది. సాయంత్రం ఎండలో పట్టుకుని చూస్తే గది అవతలి నుంచి కూడా తేడా తెలుస్తుంది. చూసి నవ్వుకుంది. తన జీవితంలో ఇంత ఇష్టంగా ఏ బట్టా కుట్టలేదు.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. వెనక పెరట్లో సిమెంటు తొట్టె, నాలుగు మెట్లు దిగితే నడుముదాకా నీళ్ళు. పద్నాలుగు తెల్లగౌన్లు వరసగా నిలబడ్డాయి, చివర పదిహేనోది. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో దిగేముందు ఎవరి సంగతి వాళ్ళు నాలుగు మాటల్లో చెప్పాలి.

పొద్దున లేచేసరికి అత్తగారి మంచం ఖాళీగా ఉంది. ఎక్కడికి వెళ్ళిందో చెప్పలేదు. భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వస్తారా అని అడిగితే, చూద్దాం అన్నాడు. ఆమె ఒక్కతే వచ్చింది. అయినా ఒంటరిగా అనిపించలేదు. ఎందుకో ఆమెకు తెలుసు.

పద్నాలుగో మనిషి నీళ్ళలోంచి లేచేసరికి పక్క గేటు చప్పుడైంది. అత్తగారు. ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నకోడలు.

చిన్నకోడలు నేరుగా మెట్ల దగ్గరికి వచ్చింది. ముఖం బిగించే ఉంది. "తెల్లవారకముందే బస్సెక్కి వచ్చేశారు అత్తయ్య. వచ్చి మా పెట్టె మీద కూర్చున్నారు. తనను క్షమించి, తనతో ఇక్కడికి వస్తే గానీ లేవనన్నారు. ఆవిణ్ణి లేపడానికి వచ్చానిక్కడికి. నీ కోసం కాదు."

"సరే," అంది పెద్దకోడలు.

చిన్నకోడలి చూపు గౌను మీద పడింది. బట్టలు పరిచే మనిషి కన్ను, వెంటనే పట్టేసింది. వేళ్ళతో కుడి చేతి గుడ్డ తడిమింది.

"తిరగేసి కుట్టావా?"

"తిరగేసి కుట్టాను."

"అందరికీ కనిపిస్తుంది."

"కనిపించాలనే."

పాస్టరుగారు నీళ్ళలోంచి పిలిచాడు. ఆమె జనం వైపు తిరిగింది. ఇవాళ పట్టుకోవడానికి బల్ల అంచు లేదు.

"నేను తప్పు చెయ్యని మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు నిలబెట్టుకోవడానికి నా చెల్లెలి పని పోగొట్టాను. ఇదిగో, ఈ చెయ్యి నేను తప్పు కోసింది." కుడి చెయ్యి పైకెత్తి చూపించింది. "తప్పు చేస్తే ఉండడానికి చోటుండదని తొమ్మిదేళ్ళ వయసు నుంచీ భయం నాకు. నా తప్పంతా తెలిసి కూడా యేసయ్య నన్ను బిడ్డా అన్నాడు. ఇక నాకు ఆ పాత పేరు అక్కర్లేదు. ఆయన పిలిచిన పేరు చాలు."

ఎవరో ఆమెన్ అన్నారు. తర్వాత అందరూ అన్నారు. తాగుడు మానిన ఆయన అందరికంటే గట్టిగా అన్నాడు.

ఆమె మెట్లు దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పాస్టరుగారి పెద్ద చెయ్యి వీపు వెనక ఆనింది. వెనక్కి వాలింది. ఎప్పుడూ ఎవరి మీదా అలా వాలిన మనిషి కాదు. నీళ్ళు కళ్ళ మీంచి, చెవుల మీంచి మూసుకున్నాయి. లోకంలో ఏ చప్పుడూ లేదు. మరుక్షణం వెలుతురులోకి లేచింది, ఊపిరి పీలుస్తూ, నవ్వుతూ, పాటలో మునిగిపోయిన ఆ పెరటిలోకి. సంతోషం పట్టలేక నీళ్ళను రెండు చేతులా కొట్టింది. పాస్టరుగారి కళ్ళజోడు తడిసిపోయింది. అత్తగారు ఏడుస్తూ నవ్వుతోంది.

గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాలో భర్త నిలబడి ఉన్నాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, రెండు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులాగా. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. లోపలికి వస్తాడో లేదో కూడా తెలియదు.

మెట్ల పైన చిన్నకోడలు తువ్వాలు విప్పి రెండు చేతులా పట్టుకుని ఉంది.

"నా కోపం ఇంకా పోలేదక్కా," అంది.

"తెలుసు."

"పెట్టె తిరిగి వస్తుందనుకోకు. మేడమ్ రమ్మన్నా రేపు పనికి వెళ్తానో లేదో."

"నీ ఇష్టం."

"చేతులు చాపు. వణికిపోతున్నావు."

పెద్దకోడలు రెండు చేతులూ చాచింది. బట్ట నీళ్ళు కారుతోంది. ఒంటికి అతుక్కుపోయిన ఆ తడిలో, మెరిసే చెయ్యి ఏదో, వెలిసిన చెయ్యి ఏదో చూసేవాళ్ళెవరికీ తేడా తెలియడం లేదు. చిన్నకోడలికి తెలుసు. ఆమె తడుముకోకుండా, ముందు కుడి చెయ్యినే అందుకుని తుడవడం మొదలుపెట్టింది.